గరిక పోచ, ఉత్తరేణి ఆకు

వినాయక చవితి పూజలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏకవింశతి పత్ర పూజ. స్వామికి 21 పేర్లు, ఒక్కో పేరుకీ ఒక్కో ఆకు. ‘సుముఖాయ నమః మాచీపత్రం పూజయామి’ అని మొదలై ‘కపిలాయ నమః అర్కపత్రం పూజయామి’ దగ్గర ముగుస్తుంది.

చాలా ఏళ్లు ఆ పేర్లు చదివానే గానీ ఆకుల వంక చూడలేదు. పత్రి కట్ట విప్పి, చేతికి ఏది వస్తే అది వేసేవాణ్ణి. ఒక ఏడాది మా అమ్మాయి ‘నాన్నా, ఇందులో అపామార్గం ఏది?’ అని అడిగింది. కట్టంతా వెతికాను, పోల్చుకోలేకపోయాను. స్వామిని పేరు పెట్టి పిలుస్తూ, ఆయన చేతిలో ఏం పెడుతున్నానో కూడా తెలియకుండా ఇన్నేళ్లు పెట్టానా అని మనసు చివుక్కుమంది.

అపామార్గం అంటే ఉత్తరేణి. తెలిశాక చూస్తే ఇంటి వెనక ఖాళీ స్థలం నిండా అదే! నిలువుగా లేచిన సన్నటి కంకి, పక్కనుంచి నడిస్తే పంచె అంచుకు అంటుకొచ్చే ముళ్ల గింజలు. రోజూ దాన్ని దులుపుకుని పిచ్చిమొక్క అనుకుంటూ వెళ్లిపోయేవాణ్ణి. వాకుడు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా అలాంటివే. వాటిని ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పోయరు. భాద్రపదం నాటికి వానలు తాగి పచ్చగా నిలబడి ఉంటాయి. పూజలో తులసికీ మామిడికీ రావికీ ఏ నమస్కారమో వాటికీ అదే నమస్కారం.

ఇక గరిక. ‘గజాననాయ నమః దూర్వాయుగ్మం పూజయామి’ అన్నప్పుడల్లా యజుర్వేదంలోని ఈ మంత్రం గుర్తొస్తుంది:

కాండాత్కాండాత్ ప్రరోహంతీ పరుషః పరుషః పరి
ఏవా నో దూర్వే ప్రతను సహస్రేణ శతేన చ

కణుపు కణుపునా మొలుచుకొచ్చే ఓ దూర్వా, అలాగే మమ్మల్నీ నూరంతలుగా, వేయింతలుగా విస్తరింపజెయ్యి అని ప్రార్థన. ఈ మాట అన్న ఋషి నేల మీద కూర్చుని గరికను దగ్గరగా చూసి ఉంటాడని నా నమ్మకం. గరిక నేలను పట్టుకుని పాకుతుంది. కణుపు మట్టికి తగిలిన చోటల్లా వేరు దించుతుంది. ఎండల్లో ఎండి, కాళ్ల కింద నలిగి, పశువులకు మేతై, తొలి వానకే మళ్లీ పచ్చబడుతుంది. ఋషి తాడిచెట్టులా ఎత్తు పెరగాలని అడగలేదు. అడుగడుగునా వేరూనుకుంటూ సాగే ఈ పెరుగుదలను అడిగాడు. పిల్లల కోసం ఇంతకంటే ఏం కోరుకోవాలో నాకు తెలియదు.

ఇప్పుడు చవితి ముందు రోజు, పొద్దు వాలకముందే అమ్మాయీ నేనూ పత్రికి వెళ్తాం. చీకటి పడ్డాక చెట్టు నిద్రపోతుంది, ముట్టకూడదని పెద్దలు అంటారు. అది మాకు శాసనమే. కొమ్మ విరవం, పూజకు కావలసినన్ని ఆకులే కోస్తాం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి అది నేనే కోస్తాను. దేవదారు హిమాలయాల చెట్టు, మాకు దొరకదు. దొరకని ఆకు పేరు వచ్చినప్పుడు అక్షతలు వేయడం ఆచారం. ఆ చోట అమ్మాయి ఒక్క క్షణం ఆగి, తాను ఎన్నడూ చూడని ఆ చెట్టుకు దణ్ణం పెడుతుంది.

మట్టి వినాయకుణ్ణి పత్రితో సహా ఇంట్లోనే నీళ్ల తొట్టెలో నిమజ్జనం చేస్తాం. ప్రతిమ కరిగిపోయాక ఆ బురదను పెరట్లో పోస్తాం. కిందటేడు పది రోజుల తర్వాత అమ్మాయి నన్ను పెరట్లోకి లాక్కెళ్లి చూపించింది. పూజలో వేసిన గరిక పోచల్లో ఒకటి, కణుపు దగ్గర తెల్లటి వేరు దించి, ఆ మట్టిలో నాటుకుని ఉంది.