బండి కింద దూరి చూసి కొన్న థార్

మా అమ్మమ్మగారి ఊరు సీతారామపురం మండలంలో, వెలిగొండల కింద. మామయ్య పొలం ఊరికి ఆరు కిలోమీటర్లు లోపలుంది. మధ్యలో ఒక వాగు, దాని ఇసుక, ఆ తర్వాత గుండ్లరాళ్ల ఎక్కుడు. ట్రాక్టరు తప్ప ఏదీ పోదు. నాకు ఆ దారులంటే ప్రాణం. నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు అక్కడ గడపాలంటే నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండి ఉండాల్సిందే. కొత్తది కొనే స్తోమత లేదు. అన్నీ కలిపి ఏడు లక్షలు దాటకూడదని లెక్క వేసుకుని మహీంద్రా వాళ్ల పాత మోడల్ థార్ సీఆర్‌డీఈ జీపు కోసం వెతికాను. 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, 105 హార్స్‌పవర్. ముఖ్యంగా, ఆ బండిని విప్పి బిగించగల మెకానిక్‌లు మన వైపు ఉన్నారు.

మొదటిది కొత్తపట్నం వైపు దొరికింది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి. పెయింట్ తళతళలాడుతోంది, టైర్లు కొత్తవి. నాకైతే అప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయాలనిపించింది. నాతో వచ్చిన మెకానిక్ భాయ్ బానెట్ కూడా ఎత్తలేదు. గోనెసంచి పరుచుకుని కింద దూరాడు. ఛాసిస్‌కి, అంటే బండిని మోసే ఇనుప చట్రానికి, కొత్తగా నల్లరంగు కొట్టి ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో వరసగా తట్టుకుంటూ పోయాడు. ఠంగు ఠంగుమంటున్న చప్పుడు వెనక కమాను కట్ట బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారింది. అక్కడ మొనతో గుచ్చితే రంగు పొర చిట్లి, తుప్పు అప్పడం ముక్కల్లా రాలింది. దాన్ని అరచేతిలో పట్టుకుని బయటికొచ్చి, "ఉప్పునీళ్లు తమ్ముడూ. ఇంజన్ పోతే దించి చేసుకోవచ్చు. ఛాసిస్ పోతే ఏం చేస్తాం?" అన్నాడు. ఆ రోజు ఆయన రాకపోయుంటే నా డబ్బంతా ఆ రంగు కింద పోయేది.

ఒంగోలులో చూసిన రెండోదాని వెనక ఫోర్ బై ఫోర్ అని స్టిక్కర్ ఉంది. లోపల చూస్తే, ముందు చక్రాలకు లాగుడు కలిపే రెండో గేర్ రాడ్డే లేదు. తిరిగొచ్చేశాం.

మూడోది పామూరులో. 2014 మోడల్, ఏపీ 27 నంబరు. సీట్లు చిరిగాయి, టాపు వెలిసిపోయింది, టైర్లు అరిగాయి. కానీ కింద ఎర్రమట్టి తప్ప తుప్పు లేదు. మట్టిదారిలోకి తీసుకెళ్లి రెండో రాడ్డును 4L (ఫోర్-లో: నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరు)లో వేసి, మొదటి గేర్‌లో క్లచ్ వదిలేస్తే యాక్సిలరేటర్ తొక్కకుండానే చెరువుకట్ట ఎక్కేసింది. ఈ పరీక్ష మట్టి మీదే చేయాలి. ఈ బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగాల తేడా సర్దే గేర్లు (డిఫరెన్షియల్) ఉండవు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. తారురోడ్డు మీద ఆ తేడా సర్దుకునే వీల్లేక షాఫ్టులు బిగుసుకుపోతాయి, గేర్లు దెబ్బతింటాయి.

బేరం ఐదు లక్షల ఎనభై వేలకు తెగింది. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్సీలో అప్పు అలాగే కనిపిస్తోంది కాబట్టి, బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలో అప్పు కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాను. బండి నా పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు అయిపోయాయి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోపు దరఖాస్తు ఇవ్వాలి, అది మర్చిపోవద్దు. ఆర్సీ 15 ఏళ్లకే కాబట్టి 2029లో మళ్లీ ఫిట్‌నెస్‌కి వెళ్లాలి.

బండి నెల్లూరు వచ్చాక భాయ్ ముందు వెనక ఇరుసుల గేర్లుండే డబ్బాల (హౌసింగ్) ఆయిల్ దించాడు. తేనెరంగులో జారాల్సింది పాలు ఎక్కువైన కాఫీలా వచ్చింది. నాకు టెన్షన్ పట్టుకుంది. నీళ్లు కలిశాయన్నమాట. పాత ఓనరుకి ఫోన్ చేస్తే, వానల్లో ఒకసారి వాగు దాటించానని ఒప్పుకున్నాడు. ఎలా జరుగుతుందో భాయ్ చెప్పాడు. నడిచి వచ్చిన బండి హౌసింగ్ వేడిగా ఉంటుంది. చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బయటి నుంచి పీల్చుకుంటుంది. పైనున్న గాలి రంధ్రం (బ్రీదర్) మునిగితే గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. అదృష్టం కొద్దీ గేర్లకు దెబ్బ తగల్లేదు. కడిగి, సీళ్లు, ఒక బేరింగ్ మార్చి కొత్త ఆయిల్ పోశాడు. బ్రీదర్లకు రబ్బరు పైపులు తగిలించి, ముందుదాన్ని ఇంజన్ పైభాగం దాకా, వెనకదాన్ని బాడీ లోపలికి ఎత్తుగా తీసుకెళ్లి కట్టాడు. ఆ పైపులకు ఆరు వందలు కూడా కాలేదు. నా ఖర్చులన్నిటిలోకీ విలువైనది అదే అంటాను.

ఆ తర్వాత షాఫ్టు కీళ్ల క్రాసులు, కమాను బుష్‌లు, క్లచ్ ప్లేటు మార్పించాను. టైర్లు కంపెనీ సైజు 235/70 ఆర్16లోనే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం వేయించాను. ముందున్న ఇనుప గార్డు తీసేశాను. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. బండి ఎత్తు పెంచమని స్నేహితులు చెప్పారు కానీ నేను ఒప్పుకోలేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా నా దారికి అవసరమూ లేదు. మిగిలిన డబ్బుతో లాగే తాడు, తాడు బండికి తగిలించే రెండు ఇనుప డి షాకిళ్లు, బ్యాటరీతో నడిచే గాలి పంపు కొన్నాను. జాకీ ఇసుకలో దిగబడకుండా వేపచెక్క ఒకటి కోయించాను.

కార్తీకమాసంలో మామయ్య పొలానికి బయలుదేరాం. రిజర్వు ఫారెస్టులోకి పర్మిషన్ లేకుండా పోకూడదు కాబట్టి బండ్లబాట వదల్లేదు. వాగులో మోకాలి లోతు నీళ్లు. ముందు నేను దిగి అవతలి గట్టు దాకా నడిచి చూశాను. టైర్లలో గాలి 30 పాయింట్ల నుంచి 18కి దించి, 4Lలో వేసి, రెండో గేర్‌లో ఎక్కడా ఆపకుండా పోనిచ్చాను. అవతలి ఇసుకలో ఒకసారి తడబడింది, అంతే. మామయ్య కళ్లంలోంచే కేకేశాడు, "ఏందబ్బయ్యా, ట్రాక్టరు లేకుండానే వచ్చేసినావే!"

సోమవారం సాయంత్రం భాయ్ షెడ్డులో వెనక హౌసింగ్ బోల్టు వదులు చేయించాను. ఆయన బొట్టు ఆయిల్ వేళ్ల మధ్య రాసి, లైటు కిందికి తెచ్చి చూపించాడు. తేనెరంగులోనే ఉంది.