పలుకు అన్నం

ఆదివారం, బెంగళూరు.

ఈరోజు హలసూరులో చిన్నతాత ఇంట్లో వంట నేనే చేశాను. ఎసట్లో నీళ్లు చాలక అన్నం పలుకుగా దిగింది. ఆయన ఒంటరిగా ముద్ద ఎత్తరు కనుక ఎప్పటిలాగే నాకూ కంచం పెట్టుకుని, మళ్లీ వండుతానని లేవబోతే, "సేలాలో తిన్నదానికి ఇది మెత్తనే, కూర్చో నాయనా" అన్నారు.

1952 నాటి రాయలసీమ కరువులో గంజి కేంద్రం ముందు సత్తు గిన్నెతో నిలబడిన పిల్లవాడాయన. ఇక్కడి చెరువు పక్కనున్న సైనిక దళం మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరడానికి, సిపాయిల వంటశాల లంగరులో కడుపునిండా పెడతారన్న మాటే మొదటి కారణమని ఎన్నడూ దాచలేదు. అది తక్కువ కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

1962 చైనా యుద్ధంలో ఆయన్ను ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని కామెంగ్ వైపు పంపారు. సేలా కనుమ ఎత్తు సుమారు 13,700 అడుగులు. అక్కడ నీరు దాదాపు 86 డిగ్రీలకే మరిగిపోతుంది కనుక, మంట ఎంత ఎగదోసినా నీళ్లు ఇగిరిపోవడమే తప్ప పప్పు బద్ద విచ్చేది కాదట, బియ్యం నడిమి పలుకు పోయేది కాదట. ఇంకా ముందున నామ్‌కా ఛూ ఏటి ఒడ్డున, నూలు బట్టలతో చలికి వణుకుతున్న వాళ్లకు అదీ కరువే. విమానాలు జారవిడిచిన మూటల్లో చాలావరకు లోయల పాలయ్యేవి.

నవంబరులో సేలా విడిచి వెనక్కు మళ్లినప్పుడు, దారి తెగిపోయిన వాళ్లలో చాలామంది భూటాన్ కొండల మీదుగా నడిచారు. ఆ నడక గురించి ఆయన ఇన్నేళ్లూ ఏమీ చెప్పలేదు. ఈరోజు, నేను అడగకుండానే, చెప్పారు.

నాలుగో రాత్రికి జేబు అడుగున మూడు షకర్‌పారా తీపి ముక్కలు మిగిలాయట. పక్కన పడుకున్న, తంబి అని పిలుచుకునే తోటి సిపాయి నిద్రపోయాడనుకుని, నమిలితే చప్పుడవుతుందని, ఒక్కొక్క ముక్కనూ నాలుక మీద నాననిచ్చి కంబళి ముసుగులోనే తినేశారట. తెల్లవారాక ఆ తంబి, ఎక్కడ దాచుకున్నాడో, పిడికెడు వేయించిన శనగలు తీసి, సగం లెక్కపెట్టి ఈయన చేతిలో పోశాడట.

"రాత్రి వాడు విన్నాడో లేదో నేను అడగలేదు. ఇద్దరం ప్రాణాలతో అస్సాం చేరినాం. తర్వాత ఈ ఊర్లోనే నలభై ఏండ్లు కలిసి తిరిగినాం. అప్పుడూ అడగలేదు. ఇప్పుడు వాడు లేడు."

కాసేపటికి చారు పోయమని కంచం నా వైపు జరిపారు.