పొలమారితే అమ్మమ్మ తలుచుకుంటున్నట్టా?

మా ఇంట్లో ఎవరికైనా పొలమారితే నడినెత్తిన రెండు తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్లే" అంటాం, మా అమ్మ అనేది, నేనూ అంటాను, బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయినా ఆ మాట పోలేదు. మా వాడికేమో ఒంగోల్లో ఉన్న అమ్మమ్మంటే ప్రాణం. నీళ్ళు తాగుతూ దగ్గొచ్చి కళ్ళు ఎర్రబడ్డప్పుడల్లా "అమ్మమ్మ తలుచుకుంటోంది" అని మురిసిపోయేవాడు. ఇంత దూరంలో పెరుగుతున్నా అమ్మమ్మని మర్చిపోలేదు కదా అని మేమూ మురిసిపోయాం.

ఆ ఏడాదే వాడికి రెండుసార్లు నిమ్ము చేసింది. రాత్రి అన్నం గంటసేపు, ముద్ద బుగ్గలో పెట్టుకుని కూర్చునేవాడు, నేను తిట్టి, ఫోన్ చూపించి కుక్కేదాన్ని, ఇప్పుడు గుర్తొస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక డాక్టరు గారాబం ఎక్కువైందన్నారు. ఇంకొకావిడ మాత్రం "నీళ్ళు తాగాక గొంతు తడిగా, గరగరమన్నట్టు ఉంటుందా?" అని అడిగి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఇంట్లో తెలుగు, కింద ఆటల్లో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు, మూడూ గడగడా మాట్లాడతాడు, వీడికి స్పీచ్ థెరపీ ఏంటి అనుకున్నా. మింగడం సంగతి చూసేది కూడా వాళ్ళేనని అప్పుడే తెలిసింది.

ఆ థెరపిస్ట్, మాట, వినికిడి సమస్యల మీద చదువు చెప్పే మైసూరు ఆయిష్ సంస్థలో చదువుకున్న కన్నడావిడ. వాడితో కన్నడలోనే కబుర్లు మొదలుపెట్టారు. ఏడాదిగా "ఎందుకు తినవు నాన్నా" అంటే నాకు "వద్దు" తప్ప ఇంకో మాట చెప్పనివాడు, ఆవిడతో అయిదు నిమిషాల్లో "గంటలల్లి సిక్కాకొళ్ళుత్తె" అనేశాడు. గొంతులో ఇరుక్కుంటోందని. ఆ మాట తెలుగులో మేం వాడికి ఇవ్వనేలేదు. పొలమారడం ఒక్కటే ఇచ్చాం, అదేమో వాడికి మంచి విషయం.

ఇంటి తిండే తెమ్మన్నారు, చారన్నం, పెరుగన్నం, నీళ్ళు పట్టుకెళ్ళాం. పెదాలు, నాలుక చూశాక వాడి గడ్డం కింద నుంచి గొంతు మీదకి నాలుగు వేళ్ళు మెల్లగా ఆనించి మింగమన్నారు. మింగినప్పుడు గొంతుముడి పైకి లేస్తుంది, ఎంత లేస్తోందో, ఎంత ఆలస్యంగా లేస్తోందో వేళ్ళకి తెలుస్తుందట. లోపల దారి మాత్రం వేళ్ళకి తెలీదు కదా, అందుకని వీడియో ఎక్స్‌రే రాశారు, ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే మందు కలిపిన నీళ్ళు, జావ తాగిస్తూ పక్క నుంచి తీస్తారు. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపే ఫీస్ అనే పరీక్ష కూడా ఉంది, దానికి రేడియేషన్ ఉండదు, మా వాడు ముక్కు దగ్గరికి చెయ్యి కూడా రానివ్వడని ఎక్స్‌రేనే చేశారు. స్క్రీన్ మీద చూశాను. గొంతు మూసుకునేలోపే నీళ్ళు దిగిపోయి, సన్నటి నల్లచార ఒకటి గాలిగొట్టం వైపు తిరిగింది. జావ మాత్రం బుద్ధిగా వెనకదారిన పోయింది. వాడు 32 వారాలకే పుట్టాడు, చప్పరించడం, మింగడం, ఊపిరి మూడూ కలిసి నడవడం 34 వారాల దగ్గర కానీ కుదరదట, అదీ ఒక కారణం అయ్యుండొచ్చన్నారు.

నన్ను కదిలించేసింది చారన్నం. ఒంట్లో బాలేనివాళ్ళకి మనం పెట్టేదే అది. కానీ ఒకే ముద్దలో మెతుకూ పల్చటి చారూ రెండూ ఉంటాయి, మెతుకు నమిలేలోపు చారు గొంతులోకి జారిపోతుంది, మింగలేనివాళ్ళకి ఇలా రెండూ కలిసినవే బాగా కష్టం. మెత్తగా పిసికిన పెరుగన్నం నయం.

తాగేవి లెవెల్ 2 చిక్కదనంలో ఇమ్మన్నారు, ఐడీడీఎస్ఐ అని తినేవి, తాగేవి ఎంత పల్చగా, ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే, 0 నుంచి 7 దాకా ఉండే కొలత. 10 ఎంఎల్ సిరంజి పిస్టన్ తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి నింపి, 10 సెకన్లు వదిలితే 4 నుంచి 8 ఎంఎల్ మధ్య మిగలాలి. మావారు వంటగట్టు దగ్గర ఫోన్లో టైమర్ పెట్టుకుని చూస్తే చారు బొట్టు మిగల్లేదు, వడగట్టిన రాగిజావ మూడోసారికి 6 దగ్గర ఆగింది, చల్లారాక చూస్తే ఇంకా చిక్కబడింది, అందుకే తాగే వేడిలోనే కొలవాలి. ఇది మనంతట మనం మొదలుపెట్టేది కాదు, నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళకి కొన్ని థిక్కెనర్లు, అంటే చిక్కబడటానికి కలిపేవి, ప్రమాదం కూడా.

ఆర్నెల్లకి మామగారికి స్ట్రోక్ వచ్చి మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆయనకి దగ్గే రాదు, అదే ధైర్యంతో గ్లాసు నోటికందించేవాళ్ళం. వాడి సంగతి తెలుసు కాబట్టి పట్టుబట్టి పరీక్ష చేయించా, దగ్గు లేకుండానే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. సైలెంట్ ఆస్పిరేషన్ అంటారట. పొలమారకపోవడం ఇంత భయంకరమని ఎవరనుకుంటారు?

అమ్మకి వీడియో కాల్‌లో అన్నీ చెప్తే ఏడ్చేసింది, "నేను తలుచుకోకుండా ఎట్లా ఉంటానే" అని. పక్కనుంచి వాడు "అమ్మమ్మా, తలుచుకుంటే ఫోన్ చెయ్యి" అన్నాడు. అప్పట్నుంచి రోజూ 6:30కి చేస్తోంది, వాడు అన్నానికి కూర్చోకముందే.