మెనూలో మాట ఎవరిది? విజువల్ నావెల్‌కు కథనకోణం ఎంచుకోవడం గురించి

విజువల్ నావెల్‌లో, అంటే తెర మీద బొమ్మలూ మాటలూ చూస్తూ, మధ్యమధ్య ఎంపికలు చేస్తూ ఆడే కథలో, కథ ఎవరి నోట నడవాలన్న ప్రశ్నను, పత్రికకు రాసే కథలో కంటే చాలా ముందుగానే తేల్చుకోవలసి వస్తుంది. కథనైతే ఉత్తమ పురుషలో మొదలుపెట్టి, నాలుగు పేజీలు నడిచాక పొసగడం లేదనిపిస్తే ప్రథమ పురుషలోకి మార్చి తిరగరాసుకోవచ్చు. ఇక్కడ ఆ నాలుగు పేజీలకు బొమ్మలు, పాత్రల ముఖకవళికలు, నేపథ్య సంగీతం, ఆడేవారు ఎంచుకోవలసిన మెనూలు, ఆ ఎంపికలను గుర్తుపెట్టుకునే వేరియబుల్స్ అన్నీ అల్లుకుని ఉంటాయి కాబట్టి, ఒక్క సర్వనామం మారినా తెర మీద ఎవరు కనబడాలన్నది కూడా మారిపోతుంది. నేను ఇప్పుడు రాస్తున్న చిన్న ఆటకు ఈ నిర్ణయం తీసుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ ఆలోచనను, అందులోనూ తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులను, ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఆట జరిగేది తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో, తహసీల్దార్ కార్యాలయానికి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో. అక్కడ పనిచేసే స్వరూప అనే అమ్మాయి జిరాక్సులు తీయడంతోపాటు, రాయడం రానివారికి అర్జీలు కూడా రాసిపెడుతుంది. పింఛను రానివారు, పట్టాదారు పాస్‌పుస్తకంలో పేరు తప్పు పడినవారు, కులధ్రువీకరణ పత్రం కావలసినవారు వచ్చి తమ గోడు వెళ్లబోసుకుంటారు. అందులో ఏది కాగితం మీదికి ఎక్కాలో, ఏది ఎక్కకూడదో ఆడేవారు ఎంచుకోవాలి. అర్జీ రాయడమంటే మరొకరి ‘నేను’ను మన చేత్తో రాయడమే. ‘నమస్కరించి వ్రాయునది ఏమనగా’ అని మొదలయ్యే ఆ కాగితంలో మాట్లాడేది అర్జీ పెట్టుకునే పోచమ్మ, రాసేది స్వరూప, ఏం రాయాలో నిర్ణయించేది ఆట ఆడుతున్నవారు. ఇలాంటి కథలో కథనకోణమే కథావస్తువైపోతుంది.

నేను వాడుతున్న ఇంజన్, అంటే ఇలాంటి ఆటలు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్, రెన్‌పై. టామ్ రోథామెల్ రూపొందించిన ఈ ఉచిత ఇంజన్ 2004 నుంచి అందుబాటులో ఉంది. ఇందులో పాత్ర పేరేమీ పెట్టకుండా కొటేషన్ గుర్తుల మధ్య ఒక వాక్యం రాస్తే, దాన్ని నెరేటర్ అనే ప్రత్యేక పాత్ర పలికినట్టుగా ఇంజన్ తీసుకుంటుంది. మిగతా పాత్రలకు లాగే ఈ నెరేటర్‌కు కూడా అక్షరాల రంగు, ఫాంటు, మాటల పెట్టె ఆకారం విడిగా నిర్ణయించుకోవచ్చు. సాంకేతికంగా ఇది చిన్న సౌకర్యమే అయినా, రాసేవారికి పెద్ద విషయాన్నే గుర్తుచేస్తుందని నా నమ్మకం. కథ చెప్పే గొంతు కూడా ఒక పాత్రే అన్నప్పుడు, ఆ పాత్రకు ఎంత తెలుసు, ఏ ఊరి మాట మాట్లాడుతుంది, ఎదుటివారి పట్ల ఎలాంటి భావంతో ఉంది అని అడగకుండా ముందుకు పోలేం.

ఒకే సన్నివేశాన్ని మూడు విధాలుగా రాసి చూశాను. పోచమ్మ పింఛను కోసం అర్జీ పెట్టుకోవాలని వస్తుంది. ప్రథమ పురుషలో అది ఇలా ఉంది: ‘పోచమ్మ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. స్వరూప దాన్ని చూసి నవ్వు ఆపుకుంది. కార్డు ప్రకారం పోచమ్మ వయసు 41.’ మధ్యమ పురుషలో: ‘నువ్వు కార్డు చూశావు. వయసు 41 అని ఉంది. నీకు నవ్వొచ్చింది.’ ఉత్తమ పురుషలో, స్వరూప మాటల్లోనే: ‘కార్డు దిక్కు చూసిన. 41 ఏండ్లని ఉన్నది. ఆమె చేతులు చూసిన. నవ్వొచ్చింది గని ఆపుకున్న.’

వీటిలో మధ్యమ పురుషను వదిలేయడం నాకు తేలికైంది. ఇంగ్లీషులో 1970ల నాటి టెక్స్ట్ అడ్వెంచర్ల (బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే ఆటల) నుంచి కంప్యూటర్ కథలు ఆడేవారిని నేరుగా సంబోధిస్తూ వచ్చాయి; ఆ భాషలో సంబోధనకు ఒకే రూపం సరిపోతుంది. తెలుగులో అలా సంబోధించగానే ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్నది తేలాలి. ‘మీరు కార్డు చూశారు’ అంటే కార్యాలయం గోడకు అంటించిన ప్రకటనలా వినబడుతుంది, పైగా ఆడేవారికీ స్వరూపకూ మధ్య దూరం పెరుగుతుంది. ‘నువ్వు’ అంటే ఆ చనువు తీసుకుంటున్నది ఎవరన్న ప్రశ్న వెంటనే తలెత్తుతుంది, ఎందుకంటే మన వాడుకలో ‘నువ్వు’ అనే హక్కు ఏదో ఒక బంధుత్వం నుంచో, వయసు నుంచో, స్నేహం నుంచో వస్తుంది. అంతకంటే పెద్ద అభ్యంతరం నాకు మరొకటుంది. ‘నీకు నవ్వొచ్చింది’ అని తెర మీద కనబడినప్పుడు, ఆడుతున్న మనిషికి నవ్వు రాకపోతే ఆ వాక్యం అబద్ధమవుతుంది. అలాంటి అబద్ధాలు నాలుగు పోగయ్యాక ఆ మనిషి కథను నమ్మడం మానేస్తారు.

ప్రథమ పురుషను అంత తేలికగా తోసిపుచ్చలేదు. కథానాయిక తనదైన స్వభావం గట్టిగా ఉన్న మనిషి అయినప్పుడు, ఆమెను తెర మీద చూస్తూ, ఆమె చేసేదాన్ని బయటి నుంచి గమనిస్తూ, ఆమె తరఫున నిర్ణయాలు తీసుకోవడంలో ఒక ప్రత్యేకమైన ఆనందం ఉంది. అయితే తెలుగు ప్రథమ పురుషలో తటస్థంగా ఉండటం దాదాపు అసాధ్యం. పోచమ్మను ‘ఆమె’ అనాలా, ‘ఆవిడ’ అనాలా, ‘ముసలామె’ అనాలా. కార్యాలయంలోని అటెండరును ‘ఆయన’ అనాలా, ‘అతను’ అనాలా, ‘వాడు’ అనాలా. ఏ మాట వాడినా చెప్పేవారి అభిప్రాయం అందులో ఇమిడి ఉంటుంది. కథకు బయట ఉన్న కథకుడు ఒక మనిషిని ‘ఆయన’ అని, ఇంకొకరిని ‘వాడు’ అని అంటుంటే, ఆ తేడా ఎవరి తీర్పో చదివేవారికి తెలియదు. అదే స్వరూప గొంతులో అయితే ఆ సర్వనామాలన్నీ ఆమె మనసును చూపించే ఆనవాళ్లవుతాయి. మొదటి అధ్యాయంలో ఆమె అటెండరును ‘ఆయన’ అంటుంది. మూడో అధ్యాయంలో అతడు పోచమ్మను కసిరి పంపించాక, ఎటువంటి వ్యాఖ్యానమూ లేకుండా ‘వాడు’ అంటుంది. ఆ మార్పును గమనించే బాధ్యతను నేను పూర్తిగా ఆడేవారికే వదిలేశాను.

పేరు అడిగే ఆటల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా విజువల్ నావెళ్లు మొదట్లోనే ఆడేవారి పేరు అడిగి, దాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని, కథంతా ఆ పేరునే వాడతాయి. తెలుగు ప్రథమ పురుషలో ఇది చాలా చోట్ల బెడిసికొడుతుంది. పేరు పక్కన ‘కు’ అతికించి వదిలేస్తే ‘సరితకు’ బాగానే ఉంటుంది గానీ, ‘రవికు’, ‘రాముడుకు’ అని కూడా వస్తాయి. ‘రవికి’, ‘రాముడికి’ కావాలంటే ప్రతి పేరు చివరి అచ్చును చూసి విభక్తిని మార్చే చిన్న ప్రోగ్రామ్ రాసుకోవాలి. దానికి తోడు క్రియ దగ్గర ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న తేడా ఉండనే ఉంది. ఉత్తమ పురుషలో ‘వచ్చాను’ అంటే ఆడా మగా తేడా లేదు, పేరుతో పని అంతకంటే లేదు. ఆడేవారినే కథానాయకులుగా చేసుకోదలచినవారికి తెలుగు ఉత్తమ పురుష ఇస్తున్న ఈ వెసులుబాటు చాలా విలువైనది. నా ఆటలో స్వరూప పేరూ ఊరూ స్థిరంగా ఉన్నాయి కాబట్టి నాకు అది అవసరం పడలేదు.

ఇక యాస. సంభాషణలు యాసలో ఉండి, కథనం పాఠ్యపుస్తకాల భాషలో ఉంటే, కథ చెప్పేవారు పాత్రలకంటే ఒక మెట్టు పైన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. స్వరూపే కథ చెబుతున్నప్పుడు ఆమె కథనం కూడా ఆమె మాట్లాడే భాషలోనే ఉండాలి. పోచమ్మతో ‘ఏమైందవ్వా’ అని అడిగిన అమ్మాయి మరుక్షణం ‘నేను ఆమెను ప్రశ్నించాను’ అని చెప్పుకోదు. ఆమె ప్రామాణిక భాషలోకి మారేది అర్జీ రాసేటప్పుడే. అలా ఆటలో మూడు గొంతులు ఏర్పడ్డాయి: పోచమ్మ మాట, స్వరూప మనసులోని మాట, అర్జీ మాట. మూడింటికీ వేర్వేరు అక్షరాల తీరు పెట్టాను. అర్జీ మాత్రం తెర అడుగున ఉండే పెట్టెలో కాకుండా తెరనంతా ఆక్రమించే పేజీలా వస్తుంది. రెన్‌పైలో నావెల్ పద్ధతి అని పిలిచే అమరిక దీనికి చక్కగా సరిపోయింది.

బొమ్మకూ మాటకూ ఉన్న సంబంధం కోణాన్ని బట్టి మారుతుంది. ఉత్తమ పురుషలో తెర మీద కనబడేది స్వరూప చూస్తున్నది కాబట్టి ఆమె బొమ్మ ఉండదు. బల్ల మీద ఆమె చేతులు మాత్రం అప్పుడప్పుడు కనబడతాయి. జపాన్ ఆటల్లో కథానాయకుడి ముఖాన్ని చూపకపోవడం, చూపినా కళ్లను జుట్టుతో కప్పేయడం ఈ అవసరం నుంచి పుట్టిన పద్ధతే అనుకుంటాను. పోచమ్మ ముఖం తెర మీద ఉన్నప్పుడు ‘ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగినయి’ అని రాయడం దండగ. ఆ ముఖాన్ని స్వరూప ఎలా అర్థం చేసుకుందో రాయాలి. ఒకచోట స్వరూప ‘అవ్వకు కోపమొచ్చిందనుకున్న’ అంటుంది; బొమ్మలో ఉన్నది అలసట. ఏది నమ్మాలో తేల్చుకుని ఆడేవారు తర్వాతి ఎంపిక చేయాలి. అచ్చు కథలో ఈ పని చేయాలంటే కథకుడు తెలియకుండానే నోరు జారినట్టు ఎన్నో ఉపాయాలు పన్నాలి. ఇక్కడ బొమ్మను, మాటను పక్కపక్కన పెడితే చాలు.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆలోచింపజేసినవి మెనూలు. ఎంపికలను ఏ పురుషలో రాయాలి? ‘కార్డులో ఉన్నట్టే రాయి’ అంటే ఆడేవారు స్వరూపకు ఆజ్ఞ ఇస్తున్నారు. ‘కార్డుల ఉన్నట్టే రాస్త’ అంటే స్వరూపే తనలో తాను అనుకుంటోంది, ఆడేవారు ఆమె లోపల ఉన్నారు. ‘కార్డులో ఉన్నట్టే రాయడం’ అంటే ఎవరూ ఏమీ అనడం లేదు, అది పరీక్షాపత్రంలో జవాబుల పట్టికలా ఉంటుంది. కథనమంతా ఉత్తమ పురుషలో నడిపి మెనూ దగ్గరికి రాగానే ఆజ్ఞార్థకంలోకి జారిపోయే ఆటలు చాలానే ఉన్నాయి; ఆ ఒక్క వాక్యంతో అప్పటిదాకా స్వరూపగా ఉన్నవారు స్వరూపను ఆడించేవారిగా మారిపోతారు. అందుకే కథనకోణాన్ని మొదటి వాక్యంలో కంటే ముందు మొదటి మెనూలో తేల్చుకోవాలని నా అభిప్రాయం. అక్కడ ఏ క్రియారూపం సహజంగా పలికితే కథంతా దాన్ని అనుసరించాలి.

నా ఆటలో మామూలు ఎంపికలన్నీ స్వరూప మాటల్లో ఉంటాయి. అర్జీ రాసే ఘట్టంలో మాత్రం మెనూలోని వాక్యాలు పోచమ్మ తరఫున రాసిన వాక్యాలే: ‘నాకు ఇద్దరు కుమారులు కలరు, వారు నన్ను పోషించుట లేదు’ అన్నది ఒకటి, ‘నాకు ఎవరును లేరు’ అన్నది మరొకటి. పోచమ్మ అప్పటికే ‘కొడుకులున్నరు బిడ్డా, బుక్కెడు పెట్టేటోళ్లే లేరు’ అని చెప్పి ఉంటుంది. ఏ వాక్యం నొక్కినా ఆ ‘నాకు’ పోచమ్మది, కింద వేలిముద్ర కూడా పోచమ్మదే. ఉత్తమ పురుష ఇలా ఒకరి చేతి నుంచి ఇంకొకరి నోటికి మారడమే ఈ ఆట రాయడానికి అసలు కారణం.

కోణాన్ని యంత్రంతోనే ముడిపెట్టిన ఒక ఆటను ఇక్కడ ప్రస్తావించాలి. 2009లో నింటెండో డీఎస్ అనే రెండు తెరల ఆట యంత్రం కోసం వచ్చిన ‘నైన్ అవర్స్, నైన్ పర్సన్స్, నైన్ డోర్స్’లో పై తెర మీద సంభాషణలు, కింది తెర మీద కథనం వస్తాయి, కింది తెరలోని గొంతు ఎవరిదన్నదే కథలోని రహస్యానికి ఆధారం. ఆడనివారి కోసం అంతకంటే చెప్పను. 2017లో దాన్ని ఇతర యంత్రాలకు తెచ్చినప్పుడు రెండు తెరలు లేవు కాబట్టి, సంభాషణకు ఒకటి, కథనానికి ఒకటి చొప్పున రెండు పద్ధతులుగా విడదీసి, ఒకదాని నుంచి మరొకదానికి మారే వీలు కల్పించారు.

ఉత్తమ పురుషకు ఉన్న పరిమితి నాకు తెలియనిది కాదు. స్వరూప తహసీల్దార్ గదిలోకి వెళ్లదు కాబట్టి అర్జీ మీద లోపల ఏం జరిగిందో చూపించే వీలు లేదు. స్క్రిప్టు చదివిన మిత్రులు ఆ ఒక్క సన్నివేశాన్నీ ప్రథమ పురుషలో పెట్టమని సూచించారు. ఒప్పుకోలేదు. లోపల ఏం జరిగిందో ఆడేవారికి తెలిసిపోతే, తర్వాతి మెనూలో ఎంపిక చేసేది స్వరూపకు తెలిసినదాన్ని బట్టి ఉండదు. ఆట రెండోసారి ఆడేవారికి ఎలాగూ ముందే తెలుస్తుంది, దాన్ని ఆపలేను. మొదటిసారి ఆడేవారు మాత్రం అర్జీ పట్టుకుని లోపలికి పోయిన మనిషి బయటికి వచ్చి చెప్పినంతే తెలుసుకుని, దాని మీదే ఆధారపడి తర్వాతి వాక్యం ఎంచుకోవాలి.