షార్లెట్‌కు ఆలస్యంగా వచ్చిన విమానం

షార్లెట్‌లో ఒక పూట తీరిక దొరికితే ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న సల్లెన్‌బర్గర్ ఏవియేషన్ మ్యూజియానికి వెళ్లాను. 2009 జనవరి 15న న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన ఎయిర్‌బస్ ఎ320 ఇక్కడే ఉంది. ఆ రోజు 1549 ఫ్లైట్‌గా అది రావాల్సింది కూడా షార్లెట్‌కే. చివరికి 2011లో ట్రక్కెక్కి వచ్చింది.

ఫోటోలన్నీ ముక్కు దగ్గరే. నేను తోక వైపు నడిచాను. విమానానికి కరెంటు ఇచ్చే ఏపీయూ అనే చిన్న ఇంజన్‌ ఉండే చోటు అది. నీళ్ల మీద దిగడం గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, నా లెక్కలో అసలు పని మొదటి పన్నెండు సెకన్లలోనే జరిగింది.

సుమారు 2,800 అడుగుల ఎత్తులో కెనడా బాతులు తగిలి రెండు ఇంజన్లూ చేతులెత్తేశాయి. అప్పుడు విమానం నడుపుతున్నది కో-పైలట్ స్కైల్స్. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ముందు ఇంజన్లు మళ్లీ రగలడానికి ఇగ్నిషన్ వేశారు, వెంటనే ఏపీయూ స్టార్ట్ చేశారు, ఆ తర్వాత కంట్రోల్స్ తీసుకున్నారు. ప్రమాదంలో ఉన్నామని రేడియోలో చెప్పే మేడే పిలుపు వీటన్నిటి తర్వాతే. ముందు ఎగరడం, తర్వాత దారి, ఆఖర్న మాట: పైలట్లకు మొదట నేర్పే వరస ఇదే.

చెక్‌లిస్టులో (ఇంజన్లు ఆగితే పైలట్లు వరసగా చేయాల్సిన పనుల పట్టీ) ఏపీయూ వంతు చాలా కిందికి వస్తుంది. అంతవరకు ఆగి ఉంటే కరెంటు తగ్గి, వేగం మరీ పడిపోకుండా కాచే కంప్యూటర్ రక్షణలు పోయే ప్రమాదం ఉండేది. నీటికి దగ్గరగా వచ్చాక ఆ రక్షణలే అక్కరకొచ్చాయి.

ఆ చెక్‌లిస్టు మూడు పేజీలు. 20,000 అడుగుల పైన ఇంజన్లు ఆగితే వాడేందుకు రాసింది. చేతిలో ఉన్నది మూడున్నర నిమిషాలు, పట్టీలో అయ్యింది మూడో వంతు. స్కైల్స్ మళ్లీ మళ్లీ ఇంజన్లు అంటించబోయారు. లోపలి భాగాలే దెబ్బతిన్నాయని చూపించే మీటరేదీ కాక్‌పిట్‌లో లేదు.

నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, విమానం బయల్దేరిన లాగార్డియా ఎయిర్‌పోర్టు రన్‌వే ఇస్తానన్నారు. తర్వాత సిమ్యులేటర్‌లో నడిపి చూస్తే, పక్షులు తగిలిన క్షణమే వెనక్కి తిప్పితే రన్‌వే కొన్నిసార్లు అందింది. ఆలోచనకు 35 సెకన్లు కలిపితే అందలేదు. అందకపోతే కింద ఊరు.

నీళ్లు రాకుండా వాల్వులు మూసే డిచింగ్ బటన్ వరకు వాళ్లు వెళ్లనే లేదు. నొక్కినా ఉపయోగం లేకపోయేది. వెనక పొట్ట రేకు నదిని తాకి చిరిగింది, నీళ్లు అక్కడినుంచే లోపలికి వచ్చాయి. వెనక తలుపులు పనికిరాకపోవడంతో 155 మందీ ముందు తలుపుల గుండా, రెక్కల మీదుగా బయటపడ్డారు.