తాతయ్య మోకాలు, పదిహేడో ప్రశ్న

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. నాకు మాత్రం ఎల్‌శాట్ (అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష) ప్రాక్టీసు పుస్తకంలోని పదిహేడో ప్రశ్న బుర్రలోంచి పోవడం లేదు.

ఒక అడవిలో నత్తలు ఎక్కువగా కనబడిన వారాల్లో ఒక రకం పుట్టగొడుగులు కూడా ఎక్కువగా కనబడ్డాయట. వేరే అడవిలో ఈ వారం నత్తలు బాగా ఉన్నాయి, కాబట్టి అక్కడా ఆ పుట్టగొడుగులు ఉండే ఉంటాయని వాదన. ఇందులో లోపమేమిటి? 'రెండు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమనుకోవడం' అన్నది క్షణం ఆగకుండా పెట్టేశాను. తప్పట. ఒక అడవి సంగతి ఇంకో అడవికి వర్తిస్తుందనుకోవడమే లోపమట. నా జవాబు ఎందుకు కాదో ఒక్క ముక్కలో తేల్చేశారు: 'వాదనలో కారణం ప్రస్తావనే లేదు.'

ఒళ్లు మండిపోయింది. కోరిలేషన్ (రెండు కలిసి కనబడటం) వేరు, కారణం వేరు అని మూడు నెలలుగా ప్రతి అధ్యాయంలోనూ నూరిపోసింది ఈ పుస్తకమే. ఏది కారణం, ఏది ఫలితం అన్నది తిరగేసి చూడు, రెండింటి వెనక మూడోదేదైనా ఉందేమో చూడు, కాకతాళీయమేమో చూడు అని నేర్పింది ఇదే. 35 నిమిషాల్లో పాతిక దాకా ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషంన్నర కూడా రాదు. అంత హడావిడిలో చెయ్యి అలవాటైన జవాబు మీదికే పోతుంది కదా. పైగా 2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల సెక్షన్ తీసేశారు. మార్కులకి లెక్కలోకొచ్చే మూడు సెక్షన్లలో రెండు ఇలా వాదనల్ని పరీక్షించే లాజికల్ రీజనింగే. ఇక్కడ దెబ్బ తింటే కోలుకునే చోటే లేదు. ఆ టెన్షన్‌లో సాయంత్రం మా ఆయన పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చాను.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఉరుము వినబడింది. తాతయ్య గుర్తొచ్చారు.

"మోకాలు లాగుతోంది, ఆరేసిన బట్టలు తీసేయండర్రా" అనేవారు తాతయ్య. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా పిల్లలందరం పరిగెత్తేవాళ్లం. ఒకసారి మర్నాడు మా స్కూలు పిక్నిక్. ఆ రాత్రే తాతయ్య మోకాలు పట్టుకుని కూర్చున్నారు. నాకు తొమ్మిదేళ్లుంటాయేమో. గోరువెచ్చని నూనె తెచ్చి చాలాసేపు మర్దనా చేశాను. "తగ్గిందా తాతయ్యా, తగ్గిందా?" అని అడుగుతూనే ఉన్నాను. "హాయిగా ఉందమ్మా" అన్నారు. ఇంక వాన రాదని నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారేసరికి కుండపోత. తాతయ్య నాకు అబద్ధం చెప్పారని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బట్టలు తీయమన్నప్పుడు తాతయ్య మోకాలు వాన తెస్తుందని ఎప్పుడన్నారు? అది గుర్తు మాత్రమే. గుర్తుని చూసి ముందే జాగ్రత్తపడటానికి కారణం తెలియక్కర్లేదు. నొప్పి తగ్గించి వాన ఆపబోయానే, అక్కడే కారణం కావాలి. నత్తల్ని చూసి పుట్టగొడుగులుంటాయనడం బట్టలు తీయడం లాంటిది. నత్తల్ని పెంచితే పుట్టగొడుగులు మొలుస్తాయంటే అది నూనె రాయడం. ప్రశ్న సరైనదే. దాని మీద కోపం పోయింది.

పుస్తకం మీద మాత్రం పోలేదు. 'కోరిలేషన్ వేరు, కారణం వేరు' అన్న మాటని మంత్రంలా అప్పజెప్పిస్తే ఎంత గొప్పవాళ్లయినా పొరబడతారు. గణాంకశాస్త్రంలో అంత పేరున్న ఆర్.ఎ. ఫిషర్, సిగరెట్లకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్నది కోరిలేషనే కావచ్చని, రెండింటికీ వెనక వంశపారంపర్య లక్షణం ఉండొచ్చని 1950ల చివర్లో వాదించాడు. అప్పటికే సిగరెట్లు తాగేవాళ్ల మీద పరిశోధన చేసిన డాల్, హిల్ అనే బ్రిటిష్ పరిశోధకుల లెక్కలు ఉన్నాయి. ఎంత ఎక్కువ తాగితే అంత ముప్పు, మానేసినవాళ్లలో ముప్పు తక్కువ. మూడో కారణం ఉండొచ్చని అనుమానించడం న్యాయమే. ఆ అనుమానం దగ్గరే ఆగిపోవడం న్యాయం కాదు. లాయర్ అవ్వాలనుకునేవాళ్లకి ఈ తేడా కదా ముందు నేర్పాల్సింది!

ఇంతా రాశాక ఇంకో అనుమానం. మోకాలు లాగినా వాన రాని రోజులు మా ఇంట్లో ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? నాకు ఒక్కటీ గుర్తులేదు. రేపు అమ్మకి ఫోన్ చేసి అడగాలి.