బాపుతో ఓరుగల్లు కోటలో

కరీంనగర్ నుంచి వరంగల్ డెబ్బై కిలోమీటర్ల దూరమే. పెళ్లిళ్లకు, ఆసుపత్రి పనులకు పోయి రావడమే తప్ప, ఊరు చూడాలని ఇంటిల్లిపాదీ బయల్దేరింది మాత్రం మొన్నటి ఆదివారమే. పులిహోర, సర్వపిండి డబ్బాల్లో సర్దుకుని, హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా హన్మకొండ చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు.

ముందు వేయిస్తంభాల గుడికి వెళ్లాం. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులున్నాయి. పిల్లలు లోపలికి పోగానే స్తంభాలు లెక్కపెట్టడంలో పడ్డారు. మా బాపు, అంటే మా నాన్న, మాత్రం నల్లరాతి నంది దగ్గరే ఆగిపోయాడు. జీవితమంతా తాపీ పని చేసిన మనిషి కదా, నున్నగా మెరిసే ఆ రాతిని వంగి, పక్క నుంచి, వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. ఎదురుగా ఉన్న కల్యాణమండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ నిలబెట్టారని, 2024లో తెరిచారని చెప్పాను.

"విప్పిన రాయిని మళ్ల అదే జాగల కూసోబెట్టుడు, కొత్తగ కట్టుడు కంటె కష్టం బిడ్డా" అన్నాడు.

అక్కడి నుంచి కోటకు. నా లెక్కలో వరంగల్ అంటే ఇదే. చాలామంది తోరణం ముందు ఫొటో దిగి అరగంటలో వెళ్లిపోతారు, నాకు బాధనిపిస్తుంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను ఆయన బిడ్డ రుద్రమదేవి పూర్తి చేసింది. బయట మట్టికోట, లోపల అగడ్త, దాని వెనక రాతికోట. రోడ్డు ఇప్పటికీ ఆ పాత దర్వాజాల్లోంచే పోతుంది. నేరుగా పోదు, గోడల మధ్య మలుపులు తిరుగుతుంది. శత్రువు ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా అలా కట్టారని చెబితే, మా చిన్నోడు కారు దిగి ఆ మలుపులో అటూ ఇటూ పరుగెత్తి చూశాడు.

బాపు రాతిగోడ దగ్గరికి పోయి రెండు బండల అతుకులో గోరు పెట్టాడు. గోరు దిగలేదు. సున్నం లేదు, ఏ మసాలా లేదు. బండ బరువే బండను పట్టుకుని ఉంది. ఆయన పక్క అతుకు చూశాడు, ఆ పక్కదీ చూశాడు. లోపల జనం కాపురాలున్న ఇళ్లు, పొలాలు. కోటలోనే పుట్టి పెరిగినవాళ్లకు ఈ గోడ రోజూ చూసే గోడే.

నడిమధ్యలో స్వయంభూ శివాలయం శిథిలాలు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాక గుడి కూలిపోయింది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు మాత్రం నిలబడే ఉన్నాయి. మా పెద్దమ్మాయి తలెత్తి, పైనున్న హంసలను చూపిస్తూ "మా పుస్తకం మీద బొమ్మ ఇదే!" అని అరిచింది. నిజమే, రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. అమ్మ కింద పేర్చి ఉన్న విరిగిన రాళ్ల మధ్య తిరిగింది. ఒక ముక్క మీద వరుసగా ముత్యాల సరం, దాని కింద సన్నటి తీగ. తీగ సగంలో తెగిపోయింది. "ఎంత ఓపికతోని చెక్కిండ్రో, ఎట్ల పలగ్గొట్టబుద్ధయిందో" అని అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. నాకూ మాట రాలేదు.

దగ్గర్లోనే ఖుష్ మహల్. తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడంటారు. ఏటవాలు గోడలు, ఎత్తైన కమానులు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంది. కోటలో నీడ తక్కువ, నీళ్లు, టోపీలు తప్పనిసరి.

అన్నాలు తిన్నాక ఏకశిల గుట్ట ఎక్కే ఓపిక పిల్లలకే మిగిలింది. సాయంత్రం భద్రకాళి అమ్మవారి దర్శనం, చెరువు గట్టున కాసేపు. రామప్ప కూడా చూద్దామని ఇంట్లో అనుకున్నాం గానీ, పాలంపేట ఇంకో డెబ్బై కిలోమీటర్లు. ఉరుకులు పరుగుల మీద చూసే గుడి కాదది. నీళ్లలో తేలే ఇటుకలతో దాని గోపురం కట్టారని చెప్పినప్పటి నుంచి బాపు అడుగుతూనే ఉన్నాడు. వరికోతలు అయిపోగానే పోదామని మాటిచ్చాను.